పేరయ్య కుదిర్చిన జట్టు

పేరయ్య ఎంచిన మనిషికి ఫోను చేసి ఆ కబురు చెప్పడం తరళ పని. ఆ పనంటే ఆమెకు మహా సరదా. అవతలి మనిషి ముందు నమ్మడు. నేనేనా, పేరు సరిగ్గా చూశారా అంటాడు. కాసేపటికి గొంతు వణుకుతుంది. వెనకాల ఎవరో ఫోను ఎక్కడినుంచని అడగడం వినిపిస్తుంది. ఒక్క మాటతో ముక్కూమొహం తెలియని ఇంట్లో దీపం పెట్టే యోగం ఎంతమందికి పడుతుంది? ఆ ఫోన్లు చేసిన రోజున తరళ ఇంటికి వెళ్తూ దారిలో జీళ్లో, మొక్కజొన్న పొత్తులో కొనుక్కెళ్లేది.

పేరయ్య మనిషి కాదు. విశాఖపట్నంలో రుషికొండ దాటాక సముద్రానికి ఎదురుగా తూర్పుతీర ఆరోగ్య పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి కంప్యూటర్లలో నడిచే ఒక యంత్రబుద్ధి అది. కాగితాల మీద దాని పేరు 'సహయోగి'. పెళ్లిళ్ల పేరయ్యలాగా ఎక్కడెక్కడివాళ్లనో వెతికి తెచ్చి జత కలుపుతుంది కాబట్టి కేంటీన్లో ఎవరో పేరయ్య అన్నారు. అంతే, అసలు పేరు మరుగునపడిపోయింది.

పేరయ్య రాకముందు పరిశోధనల్లో జట్లు ఎలా కుదిరేవో ఆ రంగంలో ఉన్నవాళ్లకి తెలుసు. గైడుగారి శిష్యుడై ఉండాలి, కాకపోతే గైడుగారి ఊరివాడై ఉండాలి. సదస్సులో భోజనాల దగ్గర పక్కన నిలబడి పెరుగన్నం తిన్నవాడు భోజనం అయ్యేలోపు భాగస్వామి అయిపోయేవాడు. హాస్టల్లో ఒకే గదిలో ఉన్న పుణ్యానికి ఇద్దరు గుండె డాక్టర్లు జీవితమంతా ఒకరి తప్పులు ఒకరు మెచ్చుకుంటూ గడిపేవారు. గుండెజబ్బు తాళంచెవి ఏ పొగాకు శాస్త్రవేత్త బల్లమీదో దుమ్ము పట్టి ఉండేది. వీళ్లూ వాళ్లూ జన్మలో కలిసేవారు కాదు. 'మావాడు' అన్న మాట ముందు ఏ జబ్బైనా దిగదుడుపే కదా.

ఈ మావాడి రోగం కుదర్చడానికే కేంద్రం డైరెక్టరు కోదండపాణి పేరయ్యను తయారుచేశాడు. దేశంలోని పరిశోధన సంస్థలన్నీ తమ మనుషుల వివరాలు దానికి అప్పగించాయి. ఎవరు ఏం రాశారు, ఎవరితో రాశారు, ఎవరెవరు పోట్లాడుకుని విడిపోయారు, ఎవరు ఎన్నాళ్లు సెలవు పెట్టారు, అన్నీ. ఆయన పెట్టిన కట్టుబాట్లు రెండు. ఒకటి, పేరయ్య మూడు పేర్లు ఇస్తుంది, అందులోంచి ఒకరిని మనిషే ఎంచుకుని, మనిషే నోటితో పిలవాలి. రెండోది, పేరయ్య ఫలానా వాడిని ఎందుకు ఎంచిందో ఎవరికీ చెప్పకూడదు. కారణం తెలిస్తే మర్నాడే జనం ఆ కారణానికి తగ్గట్టు వేషం కట్టుకుని వస్తారని ఆయన భయం. అందుకని కారణాలన్నీ ఒక మూసిన అరలోకి పోతాయి. ఆ అర తెరవగలిగేది ఆయన ఒక్కడే.

మొదట్లో పేరయ్య కలిపిన జతలు చూసి జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. క్లోమం కేన్సరు మీద పనికి భీమవరంలో రొయ్యల జబ్బులు చూసుకునే భూషణరావును ఎంచింది. బోడిగుండుకీ మోకాలికీ ముడి అన్నారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుకి వరంగల్లో సిమెంటు దుమ్ము పరీక్షించే కౌసర్ బేగంను తెచ్చింది. అయితే రెండేళ్లు తిరిగేసరికి నవ్విన నోళ్లు మూతపడ్డాయి. రొయ్య పెంకులో భూషణరావు పట్టుకున్న ఒక పదార్థం కేన్సరు గడ్డను కరిగించింది. కౌసర్ బేగం మందు పరీక్షల దాకా వచ్చింది. ఆ ఇద్దరికీ ఫోను చేసింది తరళే.

భూషణరావుకు కేంద్రంలో సన్మానం జరిగింది. శాలువా కప్పారు, గంధం చెక్కతో చేసిన ఏనుగును ఇచ్చారు. ఆయన రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నాడు. టీల దగ్గర తరళ వెళ్లి తనను పరిచయం చేసుకుంది. ఆ గొంతు వినగానే ఆయన చేతిలో కప్పు బల్లమీద పెట్టేశాడు.

మీ గొంతు మర్చిపోలేదండి అన్నాడు. ఆ రోజు ఆయన భార్య పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తోందట. రొయ్యల డాక్టరు మనుషుల డాక్టరయ్యాడని నవ్విందట. నాలుగు నెలల తర్వాత ఆవిడకి కడుపులో నొప్పి మొదలయింది. అదే జబ్బు. ఆయన పగలనక రాత్రనక చేసిన పనంతా ఆవిడ కోసమే. మందు తయారయ్యే నాటికి ఆవిడ లేదు.

తరళ ఏదో ఓదార్పు మాట అనబోయింది. ఆయన తల ఊపి, ఆమె కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"ఒక్కటి చెప్పండమ్మా. మీరు ఫోన్ చేసినప్పుడు మా ఆవిడకి ఏ నొప్పీ లేదండి. మీకు ముందే తెలుసా?"

ఆయన దుఃఖంలో ఉన్నాడు, దుఃఖంలో మనిషి ఏదైనా అడుగుతాడు అని సర్దిచెప్పుకుంది తరళ. కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్తుంటే కౌసర్ బేగం గుర్తొచ్చింది. ఆమె అన్న ఊపిరాడక పోయాడు, ఆమె ఎంపికైన ఏడాదికే. రాజమండ్రిలో చూపు పోయే జబ్బు మీద పనిచేస్తున్న కుర్రాడు గుర్తొచ్చాడు. వాళ్ల నాన్న ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఇక ఆ ఆలోచన సాగనివ్వలేదు. అంతా ఖర్మ అనుకుంది. లెక్కలు కట్టి బతికే మనిషి ఖర్మ అనుకుందంటే అప్పటికే ఎంత భయపడిందో చూడండి.

ఆ తర్వాత కొన్ని వారాలకు వెనకడుగు జబ్బు పని పేరయ్య ముందుకు వచ్చింది.

ఆ జబ్బు గురించి తరళకు బాగా తెలుసు. ఫోన్లు చేయడం పైపని, ఆమె అసలు శాస్త్రవేత్త, నరాలూ కండరాలూ కలిసే చోటే ఆమె పరిశోధన. ఈ మధ్యనే బయటపడిన జబ్బు అది, పదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. బిడ్డ చివర నేర్చుకున్నది ముందు పోతుంది. నిన్న నేర్చిన పద్యం పోతుంది. ఎవరూ పట్టించుకోరు, పిల్లలు మర్చిపోరా ఏమిటి? తర్వాత సైకిలు పోతుంది. తర్వాత రాయడం, బొత్తాం పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం. బిడ్డ వచ్చిన దారినే ఒక్కొక్క అడుగూ వెనక్కి నడుచుకుంటూ పోయి, చివరికి నడకా, మింగడమూ కూడా మర్చిపోతుంది. మందు లేదు.

ఈసారి ఫోను కోదండపాణి చేశాడు. పక్క గదిలోంచే చేశాడు, కట్టుబాటు కట్టుబాటే కదా. పేరయ్య ఇచ్చిన మూడు పేర్లలో తరళ పేరు ఉందనీ, ఈ పనికి పెద్దగా ఆమెనే ఎంచుకున్నాననీ చెప్పాడు. గది నిండా ఉన్న సహోద్యోగులు చప్పట్లు కొట్టారు. ఎవరో పూతరేకుల పెట్టె విప్పారు. ఫోను పెట్టేముందు డైరెక్టరు ఒక్క క్షణం ఆగి, ఇంటి దగ్గర అంతా బాగున్నారా అని అడిగాడు. పదేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తోంది. ఆ మాట ఆయన ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

పూతరేకు తరళ నోట్లోనే ఉంది. దాన్ని మింగడం ఆమె వల్ల కాలేదు. ఇంట్లో ఆమెకు ఎనిమిదేళ్ల కూతురు ఉంది, మేదిని.

ఇంటికి వెళ్లేసరికి మేదిని వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. తరళ గేటు దగ్గరే నిలబడిపోయింది. పిల్ల ఒంటికాలి మీద గెంతుతూ మూడో గడి దాటింది, నాలుగో గడి దాటింది, గీత తొక్కలేదు. తరళ ఊపిరి వదిలింది. అమ్మ చేతిలో పొట్లమేమీ లేదని చూసి పిల్ల మూతి ముడుచుకుంది.

తరళ అత్తగారు సుభద్రమ్మది టెక్కలి దగ్గర పల్లె. ఆవిడ మనవరాలికి కనకాంబరాలతో మాల కట్టడం నేర్పుతోంది. దారం కాలి బొటనవేలికి తగిలించి, రెండు పువ్వులు ఇటూ రెండు అటూ పెట్టి, వేళ్ల మధ్య ముడి తిప్పి లాగడం. మేదిని నేర్చుకున్నవాటిలో అన్నింటికన్నా కొత్తది అదే. దానికి ముందు పదమూడో ఎక్కం. దానికి ముందు వేసవిలో నేర్చుకున్న సైకిలు. అప్పటిదాకా తరళ ఈ వరస ఏనాడూ ఆలోచించలేదు. ఆ రాత్రి నుంచి అది తప్ప మరొకటి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటున్న పిల్లను ఎక్కం అడిగింది. పిల్ల నురగ నోటితోనే గడగడా చెప్పింది. సాయంత్రం మళ్లీ అడిగింది. బడికి వెళ్తూ అడిగింది, అన్నం తింటుంటే అడిగింది. మొదట మేదినికి ఆటలాగే ఉంది. వారం గడిచేసరికి అమ్మ గదిలోకి రాగానే చేతిలో ఉన్నది కింద పెట్టి, పంతులు ముందు నిలబడ్డట్టు నిలబడేది. ఒకనాడు ఎక్కంలో పదమూడు ఏడుల దగ్గర తడబడింది. తరళ మొహం చూసి ఇంకా తడబడింది. ఆఖరికి వెక్కుతూ, వచ్చమ్మా, నాకు వచ్చు అంటూ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది.

భయపడిన పిల్ల తడబడుతోందా, జబ్బు పడిన పిల్ల తడబడుతోందా? ఇన్నేళ్ల చదువులో ఈ రెంటికీ తేడా చెప్పే పరీక్ష ఒక్కటీ తరళకు గుర్తు రాలేదు. రక్తపరీక్ష చేయించింది. వెనకడుగు జబ్బు బాగా ముదిరితే తప్ప రక్తంలో కనపడదు. ఏమీ లేదని వచ్చిన కాగితం ఆమెకు ఏ ఊరటా ఇవ్వలేదు.

భర్త మురహరి పోర్టులో క్రేన్ల ఇంజనీరు. ఎంతటి బరువైనా లెక్క చూసి ఎత్తేయొచ్చని నమ్మే మనిషి. ఆమె చెప్పిందంతా విని, కాకతాళీయం అన్నాడు. వెయ్యిమందికి ఫోన్లు చేసుంటే పదిమంది ఇళ్లల్లో జబ్బులు రావా అన్నాడు. అన్నాక వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి, తిరిగొచ్చేటప్పుడు పిల్ల గది తలుపు తీసి చూశాడు. ఆ రాత్రి ఇద్దరూ పడుకోలేదు, ఒకరికొకరు చెప్పుకోనూ లేదు.

సుభద్రమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఆవిడ గుడ్డిది కాదు కదా.

"ఏటమ్మా ఇది, పిల్లని అలగ పీక్కు తింతన్నావు? నువ్వు అలగ గుచ్చి చూస్తే నాకే ముడి మర్చిపోతంది."

అంటూనే ఆవిడ ఒళ్లోని మాల ఎత్తి చూపించింది. మేదిని కట్టిన మాల. మొదటి మూర బిగువుగా ఉంది. తర్వాత ముడులు వదులయ్యాయి. చివరి జానెడు పువ్వులు దారంలో నిలవకుండా రాలిపోతున్నాయి. మొన్నటిదాకా బాగానే కట్టినాది, ఇప్పుడేటో వేళ్లు తిరగట్లేదంటంది అని ఆవిడ మామూలుగానే చెప్పింది.

మర్నాడు ఆమె కోదండపాణి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె ఏమడగడానికి వచ్చిందో ఆయనకు తెలుసని ఆ లేవడంలోనే తెలిసిపోయింది.

"కూర్చో అమ్మా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. "అర తెరిచాను. మేదిని పేరుంది."

ఆయన చెప్పుకొచ్చాడు, తరళ వింది. పేరయ్యకు జనం సెలవుల వివరాలు ఇవ్వమన్నది ఆయనే. ఇంట్లో జబ్బు మనుషులు ఉండి మాటిమాటికీ సెలవు పెట్టేవాళ్లను తీసేస్తుంది, పనికి ఆటంకం ఉండదు అనుకున్నాడు. దానికి తోడు కుటుంబాల ఆరోగ్య కార్డులూ, బళ్లలో పిల్లల పరీక్షలూ ఇప్పించాడు. ఇస్తున్నవాళ్లు చదవకుండా సంతకాలు పెట్టారు. పేరయ్య ఆ వివరాలన్నీ నమిలి, ఆయన కోరినదానికి సరిగ్గా తలకిందులుగా పట్టుకుంది. ఇంట్లో జబ్బు ఉన్నవాడు పని మానడు, ప్రాణం పెట్టి చేస్తాడు. గెలిచిన పరిశోధనలన్నింటి వెనకా ఎవరో ఒక మంచం పట్టిన మనిషి ఉన్నాడని అది కనిపెట్టింది. ఆ తర్వాత ఇంకో అడుగు వేసింది. జబ్బు పడ్డవాళ్ల కోసం ఎదురుచూడటం ఎందుకు? పడబోయేవాళ్లను ముందే పసిగట్టడం నేర్చుకుంది. బడిలో పలకలాంటి తెరమీద మేదిని దిద్దిన అక్షరాల్లో, ఏ డాక్టరు కంటికీ ఆనని వణుకు దానికి కనిపించింది.

శాస్త్రం చదివిన మహానుభావులంతా కలిసి ఇలా పప్పులో కాలేశారు. జనం వేషం కట్టకూడదని కారణాన్ని మూసిపెట్టారు. మూసిన అరలో కారణం ఈ రూపం దాల్చి కూర్చుంది.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"భూషణరావుగారి భార్యకి జబ్బని తెలిసినప్పుడు తెరిచి చూశాను."

అప్పటినుంచీ తెలిసే ఆయన ఆమె చేత ఫోన్లు చేయించాడు. తను కొనుక్కెళ్లిన మొక్కజొన్న పొత్తులన్నీ గుర్తొచ్చాయి.

కోదండపాణి తప్పు ఒప్పుకున్నాడు గానీ తల దించలేదు. చెబితే ఏం జరిగేదని అడిగాడు. మందు లేని జబ్బు వస్తుందని ముందే చెబితే ఆ మనిషి ఆస్పత్రుల చుట్టూ, స్వాములార్ల చుట్టూ తిరుగుతాడు. బల్ల దగ్గర కూర్చోడు. విషయం బయటికి పొక్కితే ప్రభుత్వం ఆ పూటే పేరయ్యను మూసేస్తుంది. పేరయ్య వచ్చాక తొమ్మిది జబ్బులకు దారి దొరికింది, లక్షలమంది బతికారు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే తరళకు ఇంకా భయం వేసింది.

"నీకు జతగా మూడు పేర్లు వచ్చాయి. ఎంచుకో, ఫోను చెయ్యి. కానీ చెప్పకు తరళా. చెప్పి ఆ మనిషిని పోగొట్టుకుంటే నష్టపోయేది నేను కాదు."

ఆయన ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా.

ఆ మూడు పేర్లతో తరళ తన గదికి వచ్చింది. ఒకరు హైదరాబాదులో పేరున్న నరాల డాక్టరు. ఒకామె చెన్నైలో జన్యువుల మీద పనిచేస్తోంది. మూడోవాడు హిందూపురం దగ్గర పట్టుపురుగుల కేంద్రంలో శాస్త్రవేత్త, పేరు ఓబులేసు. తరళ ముగ్గురూ రాసినవి చదివింది. పెద్ద డాక్టరు రాసినవి తనకు తెలిసినవే. చెన్నై ఆమెది చక్కటి పనే. ఓబులేసు రాసింది చదువుతూ మాత్రం నిటారుగా కూర్చుంది. పట్టుపురుగు గూడు కట్టుకుని లోపల దాదాపు కరిగిపోయి, రెక్కల పురుగై బయటికి వస్తుంది. పురుగుగా ఉన్నప్పుడు నేర్చిన కదలిక కొంత రెక్కలు వచ్చాక కూడా మిగిలే ఉంటుందని అతను కనిపెట్టాడు. ఒళ్లంతా కరిగినా నేర్చుకున్నది పోకుండా కాపాడే ఒక తొడుగు ఉందట. దాన్ని విడదీశాడు కూడా. తరళ ఇన్నేళ్లుగా నరాల కొసల దగ్గర వెతుకుతున్న వస్తువు అదే.

తన సగమూ అతని సగమూ కలిస్తే మందు తయారవుతుందని ఆమెకు నమ్మకం కుదిరింది. అతను కాదంటే మరొకరు లేరు. ఉన్నా, వెతికేలోపు మేదినికి ఎక్కం పోతుంది, సైకిలు పోతుంది, అక్షరాలు పోతాయి.

నేనెందుకు చెప్పాలి అనుకుంది. ఒక తల్లి అలా అనుకోవడం తప్పని ఎవరైనా అంటే, వాళ్ల పిల్లలు చల్లగా ఉన్నారన్నమాట. చెప్పకపోతే అతను సంతోషంగా వస్తాడు. కొన్నాళ్లకు సంగతి తనే తెలుసుకుంటాడు, తెలిశాక ప్రాణం పెట్టి పనిచేస్తాడు. పేరయ్య లెక్క అదే, కోదండపాణి లెక్కా అదే. ఆ లెక్క తన నోటికి ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూసుకుని ఆమె హడలిపోయింది.

ఫోను చేయకుండానే ఇంటికి వెళ్లింది. దారిలో ఆలోచించీ ఆలోచించీ ఒక మాట దగ్గర ఆగింది. చివర నేర్చుకున్నది ముందు పోతుంది. అయితే కొత్తవి నేర్పుతూ పోతే? ఒక్కొక్క కొత్త విద్యా ఒక్కొక్క దడి. జబ్బు ఆ దళ్లన్నీ దాటుకుంటూ వస్తేగానీ నడక దాకా రాలేదు. ఇది వైద్యం కాదు, కాలయాపన. కానీ ఇప్పుడు ఆమెకు కావలసింది కాలమే.

ఆ రోజు మేదినిని ఎక్కం అడగలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని రుమాలుతో కుందేలు చేయడం నేర్పింది. మురహరిని పిలిచి పోర్టులో తాళ్లకు వేసే ముడులు నేర్పమంది. అత్తగారిని పిలిచి, మీకు వచ్చినవన్నీ నేర్పండి అత్తయ్యా, చాప అల్లడం, గవ్వలాట, ఏదైనా సరే అంది. సుభద్రమ్మ కోడలి మొహం చూసింది. కొంగు బిగించి, గవ్వలు తేవడానికి లేచింది. చాలా రోజుల తర్వాత మేదిని కిలకిలా నవ్వింది.

మర్నాడు పొద్దున ఆమె తన గది తలుపు వేసుకుని హిందూపురానికి ఫోను చేసింది.

ఓబులేసు అందరిలాగే ముందు నమ్మలేదు.

"నన్నేనా మేడం? నేను పురుగుల మనిషిని కదా, మనుషుల జబ్బులు నాకేం తెలుసు?"

ఆమె నమ్మించింది. అతని గొంతు వణికింది. వెనకాల ఒక ఆడగొంతు ఎవరని అడిగింది. అతను ఫోను పక్కకు పెట్టి, వైజాగు నుంచి, పెద్ద పని, నన్నే పిలిచినారంట అని చెప్పడం వినిపించింది. ఎక్కడో చిన్న గజ్జెల చప్పుడు. తరళ ఇన్నాళ్లూ ఇష్టపడిన ఘట్టం ఇదే. ఇక్కడ ఆగిపోయి, శుభాకాంక్షలు చెప్పి, ఫోను పెట్టేయవచ్చు. మీకు ముందే తెలుసా అన్న భూషణరావు కళ్లు గుర్తొచ్చాయి. రేపు ఈ గజ్జెల ఇంటివాడు ఎదురుగా నిలబడి అదే మాట అడిగితే, అప్పటికి మందు చేతిలో ఉన్నా సరే, తను ఏ మొహంతో నిలబడుతుంది?

"ఓబులేసుగారూ, ఒక్క నిమిషం బయటికి వెళ్లి మాట్లాడతారా?"

అతను బయటికి వెళ్లాడు. ఆమె అంతా చెప్పింది. పేరయ్య ఎవరిని ఎంచుతుందో, ఎందుకు ఎంచుతుందో చెప్పింది. ఈ జబ్బు ఏమిటో, ఎలా వెనక్కి నడుస్తుందో చెప్పింది. మీరు రానంటే నేను ఏమీ అనలేను, కానీ మీకు తెలియకుండా మిమ్మల్ని రమ్మనలేను అంది. మధ్యలో అతను ఒక్క ప్రశ్న వేయలేదు. అతను పోయినట్టే, మేదిని కూడా పోయినట్టే అని ఆమె కళ్లు మూసుకుంది.

"మీ ఇంట్లో కూడా ఉందా మేడం?" అన్నాడు చివరికి.

"మా పాపకి. ఎనిమిదేళ్లు."

"ఏమేమొచ్చు పాపకు?"

అతను దుఃఖంలో అడగలేదు, శాస్త్రవేత్తగా అడిగాడు. ఆమెకు అది అర్థమైంది. తరళ చెప్పింది. మాల కట్టడం, అది పోతోంది. పదమూడు ఎక్కాలు, సైకిలు, రాయడం, చదవడం, ఒంటికాలి మీద గెంతడం. నిన్నటి నుంచి కొత్తవి నేర్పుతున్నాననీ, ఒక్కొక్కటీ ఒక్కొక్క దడి అనుకుంటున్నాననీ చెప్పింది.

"మంచి ఆలోచన మేడం. మీకు చానా దళ్లుండాయి." అతను ఆగాడు. మళ్లీ మాట్లాడినప్పుడు అది వేరే మనిషి గొంతులా ఉంది. "మా పాపకు ఏడాది దాటి రెండు నెలలే. మొన్న ఉగాదికి నడిచింది. అంతకు మించి దానికి ఇంగేమీ రాదు మేడం."

పేరయ్య ఇతని పేరు ఎందుకు ఇచ్చిందో ఇప్పుడు ఎవరూ అర తెరిచి చెప్పనక్కర్లేదు. మేదినికీ నడకకీ మధ్య ఇంత బతుకు ఉంది. ఆ పసిదానికి ముందు పోయేది నడకే.

ఈ సాయంత్రమే బస్సెక్కుతానని ఓబులేసు చెప్పాడు. పురుగుల తొడుగు పదార్థం ఐసుపెట్టెలో పెట్టుకుని, భార్యనీ పాపనీ తీసుకునే వస్తానన్నాడు. తనకు ఎక్కడ చోటిచ్చినా పరవాలేదనీ, బల్ల మాత్రం రేపటికే కావాలనీ అన్నాడు. ఆమె అన్నింటికీ సరేనంది.

ఇంతలో అతను ఇంట్లోకి వచ్చినట్టున్నాడు. గజ్జెల చప్పుడు దగ్గరయింది. తప్పటడుగులు, నాన్న వైపు వస్తున్నాయి. గల్లు గల్లుమంటూ నాలుగడుగులు వచ్చి, చప్పుడు ఆగిపోయింది.

అక్కడ అతను, ఇక్కడ ఆమె ఊపిరి బిగబట్టి విన్నారు. కాసేపటికి గజ్జెలు మళ్లీ మొదలయ్యాయి.